రెండో మందు నిజంగా పనిచేసిందా? మెలనోమా జంట చికిత్సల పరీక్షల్లో దాగిన లెక్కలు

2018 ఏప్రిల్ మొదటి వారంలో ఒక ప్రకటన వెలువడింది. ఎపాకడోస్టాట్ మాత్రను, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పెంబ్రోలిజుమాబ్ ఇంజెక్షన్‌తో కలిపి ఇచ్చిన మూడో దశ పరీక్ష విఫలమైందని దాని సారాంశం. అంతకుముందు జరిగిన చిన్న పరీక్షలో ఇదే జంట, ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) ఉన్నవాళ్లలో సగం మందికి పైగా గడ్డలను కరిగించింది. పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చినప్పుడు సుమారు మూడో వంతు మందికే అలా జరుగుతుంది. ఆ తేడా చూసి ఊపిరితిత్తులు, మూత్రాశయం, తల-మెడ క్యాన్సర్లలోనూ ఈ జంటతో పరీక్షలు మొదలుపెట్టేశారు. తీరా 706 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి అసలు మాత్ర, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం జంటలో 4.7 నెలలు, ఇంజెక్షన్ ఒక్కటే పడిన గుంపులో 4.9 నెలలు. గడ్డలు కరిగిన వాళ్లు రెండు వైపులా దాదాపు మూడో వంతే.

చిన్న పరీక్షలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అక్కడ పోల్చుకోవడానికి రెండో గుంపు లేదు, అంతే. రెండు మందులు కలిపి ఇచ్చినప్పుడు గడ్డ కరిగితే ఆ పుణ్యం ఎవరిదో గడ్డని చూసి చెప్పలేం. జంట మందుల పరీక్షలో ఉన్న తిప్పలన్నీ ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతాయి.

మెలనోమా సంగతి కొంచెం చెప్పుకోవాలి. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. చర్మంలో ఉండగానే కోసేస్తే చాలామందికి అక్కడితో పోతుంది. ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకాక మాత్రం కథ వేరు. 1975లో అమెరికాలో అనుమతి పొందిన డకార్బజీన్ అనే కీమో మందే మూడున్నర దశాబ్దాల పాటు ప్రధాన చికిత్స. దానితో గడ్డలు తగ్గేది పదిమందిలో ఒకరికో ఇద్దరికో. బతికే మధ్యస్థ కాలం ఏడాదికి లోపే.

2002లో బీరాఫ్ జన్యువులో ఒక మార్పు బయటపడింది. ఆ ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది. దీన్నే వీ600ఈ అంటారు. మామూలు కణంలో బయటి నుంచి కబురొస్తేనే వెలిగే స్విచ్, ఈ మార్పుతో ఎప్పుడూ వెలిగే ఉంటుంది. బీరాఫ్ నుంచి మెక్‌కి, మెక్ నుంచి ఎర్క్‌కి, ఇలా ఒక ప్రొటీన్ నుంచి ఇంకోదానికి కబురు పోతూనే ఉంటుంది, కణం విభజన చెందుతూనే ఉంటుంది. తెల్లజాతివాళ్ల చర్మ మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ మార్పు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఈ రకమే.

2011లో ఈ బీరాఫ్‌ని మూసే వెమురాఫెనిబ్ వచ్చింది. 675 మందితో జరిగిన పరీక్షలో 48 శాతం మందికి గడ్డలు తగ్గాయి. డకార్బజీన్ వైపు తగ్గింది 5 శాతం మందికే. కానీ ఆ ఆనందం సగటున ఆరు నెలలు కూడా నిలవలేదు. బీరాఫ్‌ని మూసేస్తే కణం పక్కదారి వెతుక్కుని మళ్లీ మెక్‌నే చేరుకుంటోంది. పైగా ఒక వింత. మార్పు లేని మామూలు కణాల్లో ఇదే మందు ఆ దారిని మూయకపోగా ఇంకా తెరుస్తుంది. అందుకే వెమురాఫెనిబ్ తీసుకునే వాళ్ల చర్మం మీద కొత్తగా పొలుసుకణ క్యాన్సర్లు మొలిచేవి. మెలనోమాకి మందు వేసుకుంటూ ఇంకో చర్మ క్యాన్సర్ తెచ్చుకోవడం!

కాబట్టి బీరాఫ్‌తో పాటు కింద ఉన్న మెక్‌నీ మూసేస్తే? పక్కదారీ మూతపడుతుంది, మామూలు కణాల్లో తెరుచుకున్న దారీ మూతపడుతుంది. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన జంట అరుదు. బీరాఫ్‌ని మూసే డాబ్రాఫెనిబ్, మెక్‌ని మూసే ట్రామెటినిబ్ జంట అలా మొదలైంది. దీని పరీక్ష ఎలా నడిచిందో అడుగడుగునా చూస్తే ముడి ఎక్కడెక్కడ పడుతుందో తెలుస్తుంది.

డోసు దగ్గరే మొదటి చిక్కు

ఒకే మందైతే డోసు ఒక నిచ్చెన. రెండు మందులంటే గళ్ల కాగితం. రెండింటినీ ఒకేసారి పెంచుకుంటూ పోతే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దోషం ఎవరిదో తెలీదు. అందుకే మొదట ఒక మందు, రక్తంలో ఇంకో మందు మోతాదును మారుస్తుందా అని చూశారు. తర్వాత డాబ్రాఫెనిబ్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ట్రామెటినిబ్ 1 మిల్లీగ్రాము రోజుకు ఒకసారి అనే మెట్టు నుంచి మొదలుపెట్టి 150-1, 150-1.5, 150-2 మెట్లెక్కారు.

ఇలాంటి మెట్లెక్కడానికి పాత పద్ధతి ముగ్గురు-ముగ్గురు లెక్క. ఒక డోసులో ముగ్గురిని చేర్చుకుంటారు. మొదటి మూడు నాలుగు వారాల్లో ఎవరికీ భరించలేని ఇబ్బంది రాకపోతే పై మెట్టు. ఒకరికి వస్తే అదే డోసులో ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే కిందికి దిగాలి. సులువే, కానీ దీని చూపు ఆ మూడు నాలుగు వారాలు దాటి పోదు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుల్లో పేగుల వాపు, థైరాయిడ్ దెబ్బతినడం లాంటివి రెండో నెలలోనో ఆరో నెలలోనో బయటపడతాయి. అలాంటి మందులకు ఈ లెక్కని అచ్చంగా వాడితే కొంప ముంచుతుంది.

రెండు మందులకూ విడివిడిగా అనుమతి ఉంది కదా, కలిపితే ఏమవుతుందిలే అనుకోవడానికీ వీల్లేదు. వెమురాఫెనిబ్, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇపిలిముమాబ్ రెండూ 2011లోనే అనుమతి పొందాయి. రెండు మందుల దారులూ వేరు, కాబట్టి కలిపితే బ్రహ్మాండంగా ఉంటుందనుకున్నారు. మొదటి దశ పరీక్షలో ఇపిలిముమాబ్ మొదటి ఇంజెక్షన్ పడిన కొద్ది వారాలకే చాలామందికి కాలేయ ఎంజైములు ఎగబాకాయి. వెమురాఫెనిబ్ డోసు తగ్గించి చూసినా మళ్లీ అదే వరుస. పరీక్ష ఆపేశారు. రోగులకు పైకి ఏ లక్షణమూ లేదు. రక్తపరీక్షలు చేయబట్టే దొరికింది.

పోల్చాల్సింది దేనితో?

డోసు తేలాక 162 మందిని మూడు గుంపులు చేశారు: డాబ్రాఫెనిబ్ ఒక్కటే, 150-1 జంట, 150-2 జంట. 150-2 జంటలో గడ్డలు తగ్గిన వాళ్లు 76 శాతం, ఒంటరి మందులో 54 శాతం. జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 9.4 నెలలు, 5.8 నెలలు. పొలుసుకణ క్యాన్సర్లు 19 శాతం నుంచి 7కి దిగాయి. ఊహించినట్టే. ఊహించనిది జ్వరం. ఒంటరి మందులో 26 శాతం, జంటలో 71 శాతం.

దీని ఆధారంగా 2014 జనవరిలో అమెరికాలో త్వరిత అనుమతి ఇచ్చారు. అసలు తీర్పు మాత్రం రెండు పెద్ద పరీక్షలది. వాటి పేర్లు కాంబి-డి, కాంబి-వి. చిత్రంగా ఈ రెండు పరీక్షలూ రెండు రకాల ప్రశ్నలు అడిగాయి.

కాంబి-డిలో 423 మంది. ఒక గుంపుకి డాబ్రాఫెనిబ్‌తో ట్రామెటినిబ్, ఇంకో గుంపుకి డాబ్రాఫెనిబ్‌తో ఉత్తుత్తి ట్రామెటినిబ్. ఏది ఎవరికో డాక్టరుకీ తెలీదు, రోగికీ తెలీదు. రెండు గుంపుల మధ్య ఉన్న తేడా ఒక్క ట్రామెటినిబ్ మాత్రే. కాబట్టి తేడా వస్తే అది దానిదే. ఎపాకడోస్టాట్ చిన్న పరీక్షలో లేనిది సరిగ్గా ఇదే.

కాంబి-విలో 704 మంది. ఇక్కడ జంటను వెమురాఫెనిబ్‌తో పోల్చారు. వెమురాఫెనిబ్ పూటకి నాలుగు మాత్రలు, రోజుకి ఎనిమిది. ఉత్తుత్తి మాత్రలు కూడా కలిపితే రోగి గుప్పెళ్లతో మింగాలి. అందుకని దాపరికం లేకుండా నడిపారు. దాపరికం లేకపోతే స్కాన్ చూసే కన్ను తెలియకుండానే ఒక వైపు మొగ్గుతుంది. దానికి విరుగుడుగా ప్రధాన కొలతను స్కాన్ మీద కాకుండా బతికున్నారా లేదా అనే దాని మీద పెట్టారు. చావుని చదవడంలో పక్షపాతం ఉండదు. ఏడాది చివర జంటలో 72 శాతం, వెమురాఫెనిబ్‌లో 65 శాతం బతికున్నారు. 2014లో పరీక్షని మధ్యలోనే ఆపి అందరికీ జంట అందే వీలు కల్పించారు. కానీ ఈ పరీక్ష చెప్పింది వెమురాఫెనిబ్ కన్నా జంట మేలని మాత్రమే. అందులో ట్రామెటినిబ్ వాటా ఎంతో చెప్పలేదు. ఆ పని కాంబి-డిది.

గుంపులు చేసేటప్పుడు లాటరీ ఒక్కటే చాలదు. మెలనోమాలో రక్తంలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎంత ఉందన్నది రోగి భవిష్యత్తుని గట్టిగా చెప్పే అంకె. అది పెరిగి ఉన్నవాళ్లు ఒక గుంపులో ఎక్కువైతే, మందుల సంబంధం లేకుండానే ఆ గుంపు ఓడిపోతుంది. అందుకే ఎల్‌డీహెచ్ మామూలుగా ఉన్నవాళ్లకి ఒక లాటరీ, పెరిగి ఉన్నవాళ్లకి ఒక లాటరీ వేస్తారు. కాంబి-డిలో బీరాఫ్ మార్పు వీ600ఈనా, వీ600కేనా (అదే 600వ స్థానంలో లైసిన్ చేరే మార్పు) అన్నదాన్ని బట్టి కూడా విడగొట్టారు. చిన్న పరీక్షల్లో మెరిసే అంకెల వెనక తరచుగా ఉండేది ఇదే: ఎల్‌డీహెచ్ బాగున్న, నడవగలిగిన, గడ్డలు చిన్నవిగా ఉన్న రోగులు ఎక్కువగా చేరడం.

మిల్లీమీటర్లలో తీర్పు

గడ్డలు తగ్గాయి, జబ్బు ముదిరింది అని తేలిగ్గా రాసేస్తాం గానీ ఆ మాటలకి రెసిస్ట్ అనే కొలత పద్ధతి ఉంది. ఒక రోగిని ఊహించుకుందాం. మొదటి స్కాన్‌లో ఊపిరితిత్తిలో 22 మిల్లీమీటర్ల గడ్డ, కాలేయంలో 31, 18, చంకలో శోషగ్రంథి అడ్డంగా 19. మొత్తం 90. ఐదు గడ్డలకు మించి, ఒక అవయవంలో రెండింటికి మించి లెక్కలోకి తీసుకోరు. 10 మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని కొలవరు. శోషగ్రంథికైతే 15 ఉండాలి.

ఎనిమిది వారాల తర్వాత 15, 20, 14, 12. మొత్తం 61. అంటే 32 శాతం తగ్గుదల. 30 దాటింది కాబట్టి పాక్షిక స్పందన. ఇదే మొత్తం 64 అయ్యుంటే తగ్గుదల 29 శాతమే, స్పందన లేనట్టు. మూడు మిల్లీమీటర్లు, అంటే ఒక రేడియాలజిస్టు గీత ఎక్కడ పెట్టాడన్న తేడా. అందుకే పెద్ద పరీక్షల్లో స్కాన్లను బయట కూర్చున్న వేరే నిపుణులకి కూడా చూపిస్తారు.

ఇంకో నాలుగు నెలలకి మొత్తం 48కి దిగిందనుకోండి. ఇక్కడి నుంచి కొలబద్ద మారుతుంది. ఇకపై పోల్చేది 90తో కాదు, అన్నిటికన్నా తక్కువైన ఆ 48తో. 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టే. మొత్తం 58 అయితే చాలు. మొదలుపెట్టినప్పటి 90 కన్నా ఎంతో తక్కువగా ఉన్నా కాగితం మీద రోగి ఓడిపోయాడు. మెదడులో కొత్తగా చిన్న మచ్చ కనిపించినా అంతే. ఇమ్యునోథెరపీలో, అంటే రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే చికిత్సలో మాత్రం తెల్ల రక్తకణాలు చేరి గడ్డ ఉబ్బి పెద్దదిగా కనిపించవచ్చు. అలాంటప్పుడు నాలుగు నుంచి ఎనిమిది వారాలాగి మళ్లీ స్కాన్ తీసి నిర్ధారించుకునే సడలింపు ఉంది.

మధ్యస్థ కాలం అన్న అంకెని నమ్ముకుని మోసపోవడానికి కాంబి-డి మొదటి ఫలితాలే మంచి ఉదాహరణ. జంటలో 9.3 నెలలు, ఒంటరి మందులో 8.8. తేడా పదిహేను రోజులు! ఇంతదానికేనా అనుకున్నవాళ్లున్నారు. కానీ ఆ అంకె ఒక్క క్షణంలో తీసిన ఫొటో: సగం మందికి జబ్బు ముదిరిన క్షణం. స్కాన్లు ఎనిమిది వారాలకోసారి తీస్తారు కాబట్టి గీత నున్నగా కాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆ సగం గీత ఏ మెట్టు మీద పడిందన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం గీత చూస్తే జబ్బు ముదిరే ముప్పు నాలుగో వంతు తగ్గింది. ఇంకొంత కాలం ఆగాక అంకెలు 11.0, 8.8 అయ్యాయి. బతికిన మధ్యస్థ కాలం 25.1 నెలలు, 18.7 నెలలు. మూడేళ్లకి బతికున్నవాళ్లు 44 శాతం, 32 శాతం. గీత తోకలో ఉంది అసలు విషయం. రెండు పరీక్షల్లోనూ జంట తీసుకున్న 563 మందిని కలిపి చూస్తే ఐదేళ్లకి 34 శాతం బతికున్నారు.

ఇక ఆ జ్వరం. పరీక్షలో దీని నిర్వహణ అనుభవంతో మెరుగుపడుతూ వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి: 38 డిగ్రీల సెల్సియస్ తాకగానే రెండు మందులూ ఆపాలి. జ్వరం లేకుండా 24 గంటలు గడిచాక అదే డోసుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇన్ఫెక్షన్ కాదని డాక్టరు చూసుకోవాలి. పారాసిటమాల్ వేసుకుంటూ మందు కొనసాగిస్తే చలి, వణుకు, బీపీ పడిపోవడం దాకా పోవచ్చు. ట్రామెటినిబ్ గుండె పంపింగును తగ్గించగలదు, కంటి వెనక నీరు చేర్చగలదు. అందుకే మొదలుపెట్టే ముందు గుండెకి ఒక ఎకో స్కాన్, నెలకి ఇంకోటి, ఆపైన రెండు మూడు నెలలకోసారి. మందులు తిండికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ట్రామెటినిబ్ సీసాని ఫ్రిజ్‌లో, లోపలి తేమ పీల్చే పొట్లం తీయకుండా ఉంచాలి. రెంటచింతల ఎండల్లో బల్ల మీద వదిలేసే సరుకు కాదు.

కలిసి పనిచేయడమా, చెరొకరికి పనిచేయడమా?

ఇమ్యునోథెరపీ జంట దగ్గర ముడి ఇంకా బిగుస్తుంది. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ రోగనిరోధక కణాల మీదున్న బ్రేకులు తీసేవే. ఒకటి పీడీ-1 బ్రేకు, ఇంకోటి సీటీఎల్‌ఏ-4 బ్రేకు. ఈ బ్రేకుల సంగతి తేల్చినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018 నోబెల్ వచ్చింది. చెక్‌మేట్ 067 అనే పరీక్షలో 945 మందిని మూడు గుంపులు చేశారు. గడ్డలు తగ్గింది జంటలో 58 శాతం, నివోలుమాబ్‌లో 44, ఇపిలిముమాబ్‌లో 19.

58 గొప్పగా ఉంది. ఒక్క నిమిషం ఆగి కాగితం, పెన్సిల్ తీసుకోండి. వంద మందికి నివోలుమాబ్ ఇస్తే 44 మందికి పనిచేసింది. మిగిలిన 56 మందిలో ఇపిలిముమాబ్ తన మామూలు 19 శాతం చొప్పున పనిచేస్తే ఇంకో 10.6 మంది. మొత్తం 54.6. అంటే రెండు మందులూ ఒకదానికొకటి ఏ సాయమూ చేసుకోకపోయినా, చెరో మనిషికి పనిచేస్తే చాలు, దాదాపు 55 శాతం వస్తుంది. 58కి అదెంతో దూరం లేదు. అచ్చంగా ఇలాగే జరిగిందని కాదు. ఒక మందుకి లొంగే మనిషే రెండోదానికీ లొంగేవాడైతే 55 కూడా రాదు. కానీ ‘రెండూ కలిసి కొత్త బలం పుట్టించాయి’ అని చెప్పాలంటే ముందు ఈ లెక్కని దాటాలి. 2017లో ఆడమ్ పామర్, పీటర్ సోర్గర్ చాలా జంట చికిత్సల ఫలితాలను ఇలా తిరగేసి, వాటిలో ఎక్కువ భాగానికి ఈ చెరొకరి లెక్కే సరిపోతుందని చూపించారు.

దీనివల్ల రోగికి ఒరిగేదేంటి? చెరొకరికే అయితే, ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చినా సరిపోతుందేమో, సైడ్ ఎఫెక్టుల బాధ తగ్గుతుందేమో అన్న ప్రశ్న లేస్తుంది. బాధ చిన్నదేం కాదు. తీవ్రమైన దుష్ప్రభావాలు జంటలో 59 శాతానికి వచ్చాయి, నివోలుమాబ్ ఒక్కదానితో నాలుగో వంతు లోపే. ఇంకో వైపు, వేగంగా పాకే మెలనోమాలో మొదటి మందు పనిచేయలేదని తెలిసేసరికి రెండోదానికి టైమ్ మిగలదు. పదేళ్ల లెక్కలో బతికున్నవాళ్లు జంటలో 43 శాతం, నివోలుమాబ్‌లో 37, ఇపిలిముమాబ్‌లో 19. జంటకీ నివోలుమాబ్‌కీ మధ్య ఈ ఆరు శాతం తేడాని తేల్చడానికి ఆ పరీక్ష రూపొందలేదు. రెండింటినీ ఇపిలిముమాబ్‌తో పోల్చడానికే రూపొందింది. ప్రకటనల్లో ఈ సంగతి కనిపించదు.

డోసు తలకిందులు చేసి చూసిన వాళ్లూ ఉన్నారు. నివోలుమాబ్ కిలోకి 1 మిల్లీగ్రాము, ఇపిలిముమాబ్ 3 అన్నదాన్ని 3, 1గా మార్చారు. తీవ్రమైన దుష్ప్రభావాలు 48 శాతం నుంచి 34కి తగ్గాయి. తర్వాత ఇపిలిముమాబ్ బదులు లాగ్-3 బ్రేకు మీద పనిచేసే రెలాట్లిమాబ్ వచ్చింది. 714 మందిలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం 10.1 నెలలు, నివోలుమాబ్ ఒక్కదానితో 4.6. తీవ్రమైన దుష్ప్రభావాలు దాదాపు 19 శాతం, 10 శాతం. ఇక్కడ రెండు గుంపులకీ తేడా రెలాట్లిమాబ్ ఒక్కటే, దాపరికమూ ఉంది. రెండో మందు వాటాని సూటిగా అడిగిన పరీక్ష ఇది.

మరి బీరాఫ్, మెక్ మాత్రల జంటకి ఇమ్యునోథెరపీని కూడా కలిపేస్తే? రెండు పరీక్షలు జరిగాయి. ఒకదానిలో జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం మూడు మందులతో 15.1 నెలలు, మాత్రలతో 10.6 నెలలు. గెలిచినట్టు ప్రకటించారు. ఇంకోదానిలో 16.2, 12.0. ఓడినట్టు ప్రకటించారు. తేడాలు ఇంచుమించు ఒకటే. రెండోది ముందుగా గీసుకున్న గణాంక గీతని కొద్దిలో దాటలేకపోయింది. నా దృష్టిలో అసలు లోపం వేరే చోటుంది. రెండు పరీక్షల్లోనూ మూడు మందుల్ని పోల్చింది మాత్రలతో. రోగికి కావాల్సింది ముందు ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చి చూడటం కన్నా ఇది మేలా అన్నది. ఆ ప్రశ్న ఈ రెండు పరీక్షలూ అడగలేదు.

వరుస సంగతి అడిగింది డ్రీమ్‌సెక్ అనే పరీక్ష. బీరాఫ్ మార్పున్న 265 మందిలో సగం మందికి ముందు ఇమ్యునోథెరపీ జంట, జబ్బు ముదిరితే మాత్రల జంట. మిగతా సగానికి తిరగేసి. రెండేళ్లకి మొదటి గుంపులో 71.8 శాతం బతికున్నారు, రెండో గుంపులో 51.5. మొదటి కొన్ని నెలల్లో మాత్రల గుంపే కాస్త ముందుంది. పది నెలల దగ్గర గీతలు ఒకదాన్నొకటి దాటాయి. ఆరు నెలలకే పరీక్ష ముగించి ఉంటే తీర్పు తలకిందులయ్యేది.

పైన చెప్పిన అంకెల్లో మన ఊళ్లవాళ్లకి అచ్చంగా వర్తించేవి ఎన్ని అన్నది వేరే ప్రశ్న. ఆ పరీక్షల్లో చేరిన వాళ్లలో ఎక్కువమంది ఎండకి మాడే తెల్ల చర్మం వాళ్లు. మన దగ్గర మెలనోమా అరుదు. వచ్చినవాటిలో అరికాలు, అరచెయ్యి, గోటి కింద పుట్టే రకం వాటా బాగా ఎక్కువ. ముల్లు గుచ్చుకుందనో, చెప్పు కరిచిందనో, గోరు నల్లబడిందనో నెలలు గడిచిపోతాయి. ఈ రకంలో బీరాఫ్ మార్పు పదిమందిలో ఒకరిద్దరికే ఉంటుంది. ఇమ్యునోథెరపీకి స్పందన కూడా తక్కువే. కాబట్టి బయాప్సీ ముక్క ఉన్న మైనపు దిమ్మను ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని భద్రంగా ఉంచుకోవాలి. బీరాఫ్‌తో పాటు కిట్ జన్యు పరీక్ష కూడా దాని మీదే చేస్తారు. ఏ పరీక్షలో చేరాలన్నా మొదట అడిగేది దాన్నే.

ఇండియాలో క్లినికల్ ట్రయల్ ఏదైనా మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్‌ఐ అనే ట్రయళ్ల జాతీయ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నమోదు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. జంట మందుల పరీక్షైతే అందులో పోలిక గుంపు ఏమిటన్న గడిని ముందు చదవండి. అక్కడ ఒంటరి మందుతో ఉత్తుత్తి మాత్ర ఉందా, పాత చికిత్స ఉందా, అసలు రెండో గుంపే లేదా? అంగీకార పత్రం రోగికి తెలిసిన భాషలో, అంటే మనకి తెలుగులో ఇవ్వాలి. ఒక మందు పడక ఆపాల్సి వస్తే రెండోది కొనసాగిస్తారా, పరీక్ష వల్ల ఇబ్బంది వస్తే వైద్యం ఖర్చు ఎవరు పెడతారు, రాత్రి పూట జ్వరమొస్తే ఫోన్ చేయాల్సిన నంబరు ఏది అన్నవి అందులో రాసి ఉండాలి. లేకపోతే సంతకం పెట్టే ముందు అడిగి రాయించుకోవచ్చు.